రికార్డు బుక్కులో తెల్లపేజీ

పదహారేళ్ల వయసులో మనసుకి జబ్బు చేస్తే లోపల ఏం జరుగుతుందో, ఆ వయసు పిల్లల వైపు నుంచే చెప్పే నవల మన పిల్లల చేతికి రావాలి. తిరుమలగిరిలోని ఒక ఇంటి నుంచి ఈ వారం ముఖచిత్ర కథనం.

ఇంటర్‌లో బైపీసీ చదివినవాళ్లకి జువాలజీ రికార్డు గుర్తుండే ఉంటుంది. కుడివైపు గీతల పేజీ, ఎడమవైపు తెల్లపేజీ. కుడివైపు రాయాలి, ఎడమవైపు పటం గీసి భాగాలు గుర్తించాలి. మా తమ్ముడి రికార్డులో బొద్దింక పటం ఉండాల్సిన తెల్లపేజీలో ఒక ఇల్లు ఉంది. పెన్సిలుతో గీసి, దిద్ది, మళ్లీ దిద్ది, కాగితం పలచబడేదాకా నల్లచేసిన ఇల్లు. దానికి ఏడు తలుపులు. ప్రతి తలుపుకీ గడియ ఉంది. గడియలన్నీ బయటివైపే ఉన్నాయి. కిటికీ మాత్రం ఒక్కటే. ఆ కిటికీలో మనిషి లేడు, రెండు చెవులున్నాయి.

అది 2004. అప్పుడు మేం తిరుమలగిరిలో, లాల్ బజార్‌కి దగ్గర్లో అద్దెకుండేవాళ్లం. నాన్న సైన్యానికి చెందిన ఏఓసీలో సివిలియన్ ఉద్యోగి. సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో పెరిగిన పిల్లలకి తెలుసు, ఇక్కడ పొద్దు ఎంత క్రమంగా గడుస్తుందో. తెల్లవారుజామున పరేడ్ మైదానం నుంచి కేకలు, సున్నం కొట్టిన చెట్ల మొదళ్లు, వరసగా వెళ్లే ఆకుపచ్చ ట్రక్కులు. మిలిటరీలో పనిచేయని ఇళ్లలోకి కూడా ఆ క్రమశిక్షణ గోడ దూకి వచ్చేస్తుంది. అయిదింటికి లేవాలి, పక్క సర్దాలి, షూ తుడవాలి. అలాంటి ఇంట్లో ఒక పిల్లాడు స్నానం మానేస్తే దాన్ని జబ్బు అని ఎవరనుకుంటారు?

ముందు వాడికి నిద్ర పోయింది. రాత్రి రెండింటికి లేచి వంటింట్లో లైటు వేసుకుని కూర్చునేవాడు. ఫ్యాను చప్పుడులో ఎవరో మాట్లాడుతున్నారని మే నెలలో ఫ్యాను ఆపేసేవాడు. పళ్లెంలో అన్నం పెడితే ముందు అమ్మ ఒక ముద్ద తిని చూపించాలి. ఒకరోజు సాయంత్రం నన్ను మేడమీదికి పిలిచి, గొంతు తగ్గించి అడిగాడు: "అక్కా, రోడ్డు మీద పొయ్యేటోళ్లందరు నా పేరే అనుకుంటున్నరు. నీక్కూడ ఇనబడ్తుందా?"

నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. "పిచ్చి మాటలు మాట్లాడకు" అన్నాను.

ఇరవై ఏళ్లు దాటినా ఆ మాట నా చెవుల్లోనే ఉంది. ఆ తర్వాత పదకొండు నెలలు వాడు ఆ ఊసు మళ్లీ ఎత్తలేదు. నాతోనే కాదు, ఎవరితోనూ ఎత్తలేదు. చెప్పుకోవడానికి వాడు వెతుక్కున్న ఒక్క తలుపుకీ బయట గడియ పెట్టింది నేను.

గాలి, దిష్టి, పొగరు

ఆ పదకొండు నెలల్లో వాడి గురించి మాటలకి కొదవ లేదు. నాన్న 'పొగరు' అన్నారు. అమ్మ 'దిష్టి' అంది, ఆదివారం ఆదివారం ఉప్పూ మిరపకాయలూ తిప్పింది. ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మ 'గాలి సోకింది' అని తేల్చింది. కాలేజీ వాళ్లు రికార్డు ఖరాబు చేశాడని నాన్నని పిలిపించి 'చదువంటే భయం' అన్నారు. పక్కింటాయన మంచి మనసుతోనే, "బోయిన్‌పల్లి మనోవికాస్‌నగర్‌లో సెంట్రల్ గవర్నమెంటుది పెద్ద సంస్థ ఉంది, అక్కడికి తీసుకపోండి" అన్నాడు. 1984లో మొదలైన ఆ సంస్థ మేధో వైకల్యం ఉన్న పిల్లల కోసం పనిచేస్తుంది. పుట్టుకతోనో పసితనంలోనో బుద్ధి వికాసం నెమ్మదించడం వేరు, చక్కగా చదువుకుంటున్న పిల్లాడి మనసుకి పదహారో ఏట జబ్బు చేయడం వేరు. రెండింటినీ ఒకే గాటన కట్టడం మా పక్కింటాయన ఒక్కడి పొరపాటు కాదు. మన వాడుకలో ఈ రెండింటికీ కలిపి ఉన్నది ఒకటే తిట్టు. అదేమిటో మీకు తెలుసు.

ఈ మాటలన్నీ చూడండి. పొగరు, దిష్టి, గాలి, భయం. ప్రతి మాటా బయట నిలబడి వాణ్ని చూస్తున్నవాళ్లది. లోపల ఉన్నవాడి మాట ఒక్కటీ లేదు.

మన భాషలో అలాంటి మాటలే లేవని కాదు. 'బెంగ' అనే మాట ఎంత గొప్పదో ఆలోచించండి. అమ్మ ఊరెళ్తే పిల్లాడు బెంగపెట్టుకున్నాడు, బెంగతో జ్వరం తెచ్చుకున్నాడు అంటాం. మనసులో దిగులు ఒంట్లో జబ్బుగా దిగుతుందని మన అమ్మమ్మలకి ఏ పుస్తకమూ చెప్పక్కర్లేకపోయింది. గుబులు ఉంది, దిగులు ఉంది, కాళ్లూ చేతులూ ఆడకపోవడం ఉంది, ఏమీ తోచకపోవడం ఉంది. కానీ ఇవన్నీ చిన్నపిల్లలకో, పురుటికెళ్లిన ఆడపిల్లలకో, ముసలివాళ్లకో ఇచ్చేశాం. పదహారేళ్ల మగపిల్లాడు బెంగగా ఉందంటే నవ్వుతారు. పత్రికల భాష సంగతి చెప్పనక్కర్లేదు. 'ఆందోళన' అని మేం రాస్తే చదివేవాళ్లకి జెండాలు పట్టుకున్న ఉద్యోగులు కనిపిస్తారు. 'కుంగుబాటు' అని రాస్తాం. నోటితో ఆ మాట అన్న పిల్లని నేనింతవరకూ చూడలేదు. పిల్లలు 'డిప్రెషన్' అంటారు, మ్యాచ్ ఓడిపోయినా అదే, మూడు వారాలుగా మంచం దిగకపోయినా అదే. ఒకే మాట అన్నింటికీ వాడితే అసలైన రోజున దానికి బరువుండదు.

అమ్మమ్మ అన్న 'గాలి' దగ్గర ఒక్క నిమిషం ఆగుతాను. తిరుమలగిరికి బేగంపేట ఎంతో దూరం కాదు. అక్కడే 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ పొట్టని కోసి, సూక్ష్మదర్శిని కింద మలేరియా పరాన్నజీవిని చూశాడు. మలేరియా అన్న పేరుకి ఇటాలియన్‌లో చెడుగాలి అనే అర్థం. బురద నేలల మీంచి వచ్చే గాలి సోకితే ఆ జ్వరం వస్తుందని ఐరోపా వైద్యులు కూడా తరతరాలుగా నమ్మారు. కాబట్టి మా అమ్మమ్మని నేను తప్పుపట్టను. కారణం కంటికి కనబడనప్పుడు మనుషులు ఎక్కడైనా గాలినే అంటారు. రాస్‌కి దోమ దొరికింది, జ్వరం గాలి నుంచి విడిపోయింది. మనసు జబ్బుకి అలాంటి దోమ దొరకలేదు. జన్యువులు, మెదడులో రసాయనాలు, బతుకులో తగిలిన దెబ్బలు కలిసి పనిచేస్తాయని తెలుసు. కానీ స్కిజోఫ్రీనియానో ఓసీడీనో ఇదిగో అని చూపించే రక్తపరీక్ష నేటికీ లేదు. డాక్టర్లు రాసే రక్తపరీక్షలు థైరాయిడ్ లాంటివి కావని తేల్చుకోవడానికే. ఇంట్లోవాళ్లు చెప్పింది విని, మనిషి తీరు చూసి, అన్నింటికన్నా ముఖ్యంగా లోపల ఏం జరుగుతోందో రోగి తన నోటితో చెప్పింది విని డాక్టరు గుర్తుపట్టాలి. ఆ మాటే పరీక్ష. మాట రాని పిల్లాడికి పరీక్ష సగమే జరుగుతుంది.

నేను ఈ కథనం రాయడానికి కారణం అదే. పిల్లల నవలకీ మనసు జబ్బుకీ ఉన్న సంబంధం నాకు అక్కడ కనిపించింది.

ఈఎస్ఐ దగ్గర దిగి

ఎర్రగడ్డలోని మానసిక వైద్యశాల నిజాం కాలంలో జాల్నాలో ఉండేది. అక్కడి నుంచి 1953లో ఎర్రగడ్డకి వచ్చింది. ఈ డెబ్భై ఏళ్లలో లక్షలమందికి అక్కడ వైద్యం జరిగింది, జంటనగరాల్లో మాత్రం ఆ ఊరి పేరు తిట్టుగా మారింది. 'వీణ్ని ఎర్రగడ్డలో వెయ్యాలె' అనని పిల్లాడు మా బడిలో లేడు. మేమూ అన్నాం.

అందుకే తమ్ముణ్ని అక్కడికి తీసుకెళ్లిన రోజు ఆటో ఎక్కాక అమ్మ "ఈఎస్ఐ హాస్పిటల్ దగ్గర ఆపు బాబూ" అంది. రెండూ దగ్గర్లోనే ఉంటాయి. ఈఎస్ఐ అంటే ఆటో అతను వెనక్కి తిరిగి చూడడు. అక్కడ దిగి, ఎండలో, కొంగు తలమీదికి లాక్కుని అమ్మ ముందు నడిచింది. మధ్యలో తమ్ముడు. వెనక నేను, చేతిలో సంచీ. సంచీలో వాటర్ బాటిల్, పాత చీటీలు, ఎందుకు పెట్టుకున్నానో తెలియదు గానీ ఆ జువాలజీ రికార్డు.

డాక్టరు మమ్మల్ని అడగలేదు, వాణ్నే అడిగారు. వాడు నేల చూశాడు. పేరు అడిగితే చెప్పాడు, ఇంక నోరు తెరవలేదు. అమ్మ చెప్పబోతే ఆయన చేత్తో ఆపారు. చాలాసేపయ్యాక నేను రికార్డు తీసి బల్లమీద పెట్టాను. ఆయన హడావుడి పడకుండా పేజీలు తిప్పారు. ఇల్లున్న పేజీ దగ్గర ఆగి, వేలు పెట్టి అడిగారు: "ఈ చెవులు ఎవరివి?"

"నాయే" అన్నాడు తమ్ముడు.

పదకొండు నెలల్లో వాడు తన గురించి చెప్పిన మొదటి మాట అది. ఆ ఒక్క మాట పట్టుకుని ఆయన లోపలికి వెళ్లారు. వినబడే గొంతులు ఎన్ని, ఆడవా మగవా, తిడతాయా, ఏదైనా చెయ్యమంటాయా? అన్నిటికీ వాడి దగ్గర జవాబులున్నాయి. ఎవరూ అడగలేదంతే. వాస్తవానికీ మనసుకీ మధ్య దారం తెగే ఇలాంటి జబ్బులో, మొదలైన రోజుకీ మందు మొదలైన రోజుకీ మధ్య ఎంత కాలం గడిస్తే కోలుకోవడం అంత కష్టమవుతుందని డాక్టర్లు చెబుతారు. మేం పదకొండు నెలలు పోగొట్టాం.

కొడుకు బొమ్మలు, తండ్రి నవల

'ఛాలెంజర్ డీప్' నవల నా చేతికి వచ్చేనాటికి తమ్ముడు ఒక మందుల డిస్ట్రిబ్యూటర్ దగ్గర లెక్కలు చూస్తున్నాడు. పెళ్లి చేసుకోలేదు. నెలనెలా చెకప్‌కి తనే వెళ్లొస్తాడు. నేను ఆ పుస్తకం తెరిచి మధ్యలో ఒక బొమ్మ చూసి మూసేశాను. మెలికలు తిరిగిన గీతలు, ఎటు నుంచి ఎటు వెళ్తున్నాయో తెలియని రేఖలు. రికార్డు బుక్కు మళ్లీ తెరిచినట్టు అయింది.

ఆ నవల అమెరికన్ రచయిత నీల్ షుస్టర్‌మన్ రాసింది. 2015లో వచ్చింది, అదే ఏడాది అమెరికాలో యువ పాఠకుల సాహిత్యానికి ఇచ్చే నేషనల్ బుక్ అవార్డు అందుకుంది. అందులోని బొమ్మలు ఆయన కొడుకు బ్రెండన్‌వి. మనసు జబ్బు తీవ్రంగా ఉన్న రోజుల్లో ఆ అబ్బాయి గీసుకున్నవి. తండ్రి వాటిని దాచలేదు, చింపలేదు. కొడుకుతో కలిసి వాటి చుట్టూ ఒక కథ కట్టాడు. ఇది కొడుకు జీవితచరిత్ర కాదు, నవలే. కానీ లోపలి నుంచి చూసినవాడి చేతి గీత అందులో ఉంది.

కథలో కేడెన్ బాష్‌కి పదిహేనేళ్లు. బాగా బొమ్మలు వేస్తాడు. బడిలో ఒక పిల్లాడు తనని చంపాలనుకుంటున్నాడని నమ్ముతాడు. ఇంటి చుట్టూ, వీధుల చుట్టూ నడుస్తూనే ఉంటాడు. ఒక అధ్యాయం ఇలా ఇల్లూ బడీ. తర్వాతి అధ్యాయంలో వాడు ఒక ఓడ మీద ఉంటాడు. ఒంటికన్ను కెప్టెన్, అతని చిలక. ఓడ పసిఫిక్ మహాసముద్రంలో అన్నిటికన్నా లోతైన చోటికి వెళ్తోంది. మేరియానా అగాధంలో సుమారు పదకొండు కిలోమీటర్ల లోతున్న ఆ చోటి పేరే పుస్తకం పేరు. ఈ రెండు కథలకీ ఏం సంబంధమో చాలా పేజీల దాకా చదివేవాడికి అర్థం కాదు. కేడెన్‌కీ అర్థం కాదు. అదే రచయిత చేసిన గొప్ప పని. అర్థం కాకపోవడం ఎలా ఉంటుందో ఆయన వివరించడు, మనల్ని అందులో కూర్చోబెడతాడు. కేడెన్‌ని ఆసుపత్రిలో చేర్చాక ఒక్కొక్కటీ కలుస్తుంది. ఓడలోని మనుషులు వార్డులోని మనుషులే. ఓడ స్తంభం మీది గూట్లో నావికులకి పోసే రంగురంగుల పానీయాలు, వార్డులో ఇచ్చే మందుల కలగలుపే.

ఆ భాగం తమ్ముడికి తెలుగులో చెప్పుకుంటూ వినిపించాను. వాడికి ఇంగ్లీషు చదవడం వచ్చు, కానీ నవల చదివే ఓపిక లేదు. మందుల దగ్గరికి రాగానే ఆపమన్నాడు. "మొదట్ల ఆ గోలీలేసుకుంటె నోట్ల నాలుక నాది కానట్టుండేది అక్కా. మీరంతా మంచిగైతున్నడు అంటున్నరు. నాకు నేనే దూరమైపోయిన." ఇన్నేళ్లలో వాడు ఈ మాట మాకు చెప్పలేదు. మందులు మానేస్తున్నాడని మేం తిట్టిన రోజులున్నాయి. ఎందుకు మానేస్తున్నావని అడిగిన రోజు లేదు. పుస్తకంలోని పిల్లాడు ముందు చెప్పాడు కాబట్టి వీడు చెప్పగలిగాడు.

నవల చివర కూడా నాకు చాలా నచ్చింది. జబ్బు పూర్తిగా నయమైపోయిందని రచయిత అబద్ధం చెప్పడు. కెప్టెన్ మళ్లీ పిలవచ్చు. ఆ పిలుపు వినబడినప్పుడు ఏమనాలో కేడెన్‌కి తెలుసు, అంతే. దీర్ఘకాలపు జబ్బుతో బతికే ఇంట్లో అంతకుమించిన ధైర్యం ఏ పుస్తకమూ ఇవ్వలేదు.

ఇంగ్లీషులో ఈ దారి పాతదే. జోయాన్ గ్రీన్‌బర్గ్ 1964లో మారుపేరుతో రాసిన 'ఐ నెవర్ ప్రామిస్డ్ యూ ఎ రోజ్ గార్డెన్'లో పదహారేళ్ల డెబొరా తనకోసం ఒక లోకాన్నే కట్టుకుంటుంది. ఆ పిల్ల అనుభవం వెనక ఉన్నది రచయిత్రి సొంత అనుభవమే. జాన్ గ్రీన్ ఓసీడీతో బతుకుతున్న రచయిత. 2017లో ఆయన రాసిన 'టర్టిల్స్ ఆల్ ది వే డౌన్'లో ఏజా అనే అమ్మాయి ఒకే ఆలోచన చుట్టూ గానుగెద్దులా తిరుగుతుంది, ఆగలేదు. చేతులు పదేపదే కడుక్కునే పిల్లని 'అతిశుభ్రం' అని ఎగతాళి చేసే మన ఇళ్లలో ఎవరైనా ఆ పుస్తకం చదివితే నోట మాట రాదు.

మన అలమరాలో

తెలుగు నవల మనసు లోపలికి వెళ్లలేదా అంటే, వెళ్లింది, చాలా లోతుకే వెళ్లింది. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'లో సీతారామారావు, బుచ్చిబాబు 'చివరకు మిగిలేది'లో దయానిధి, రావిశాస్త్రి 'అల్పజీవి'లో సుబ్బయ్య. వీళ్లంతా లోపల నలిగినవాళ్లే. మన విషయానికి అన్నిటికన్నా దగ్గరగా వచ్చింది నవీన్ 'అంపశయ్య'. 1969 నాటి ఆ నవల ఉస్మానియా హాస్టల్లో ఉండే రవి అనే విద్యార్థి జీవితంలో ఒక్క రోజు. వాడి తల్లో తిరిగే భయాలు, ఆశలు, అవమానాలు, పరీక్షలు, డబ్బు, అన్నీ చైతన్య స్రవంతిలో ప్రవహిస్తాయి. ఆ పుస్తకం ఎంత బలంగా నిలిచిందంటే రచయిత ఇంటిపేరే అంపశయ్య అయిపోయింది. రవికి జబ్బు లేదు. కానీ ఒక తెలుగు కుర్రాడి బుర్రలో ఒక రోజంతా కూర్చోవచ్చని ఆ నవల అరవైల్లోనే చూపించింది.

ఈ రచయితలందరూ పెద్దల కోసం రాసినవాళ్లు. పదమూడు నుంచి పందొమ్మిది దాకా ఉన్న వయసుకి మన అలమరాలో అర ఎక్కడుంది? మా తరం 1947లో మొదలైన చందమామ చదువుతూ పెరిగింది. చందమామ చాలని వయసు రాగానే ఒక్క గెంతులో వారపత్రికల సీరియళ్ల మీద పడ్డాం. మధ్యలో ఇంకేమీ లేదు. అమ్మ దాచుకున్న సీరియళ్ల బైండ్లలో యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' ఉండేది. ఊపిరి బిగబట్టి చదివాం. చిన్నపిల్లకి జబ్బు చేస్తే చేతబడి అని అందులో ఉంది, ఇంట్లో అమ్మమ్మ గాలి అంటోంది. రెండూ ఒకదానికొకటి సాక్ష్యం చెప్పుకున్నాయి. భయపెట్టే కథ రాయడం రచయిత హక్కు, చదవడం మా సరదా. నా బాధల్లా దాని పక్కన రెండో పుస్తకం లేకపోవడమే.

ఈ కథనం కోసం కోఠి పాత పుస్తకాల దగ్గర మొదలుపెట్టి నాలుగు దుకాణాలు తిరిగాను. మనసు జబ్బు చేసిన టీనేజీ పిల్లల నవల తెలుగులో కావాలని అడిగితే ముగ్గురు వ్యక్తిత్వ వికాసం అర చూపించారు. 'గెలుపు మీదే', 'భయాన్ని జయించండి' లాంటి అట్టలు. నాలుగో ఆయన కొంచెంసేపు ఆలోచించి, "అట్లాంటిది ఎవరూ అడగలేదమ్మా" అన్నాడు. అడిగేవాళ్లు ఎందుకు లేరు? బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. అరవైమంది కూర్చునే ఇంటర్ సెక్షన్‌లో అది నలుగురు. 12 రాష్ట్రాల్లో జరిగిన ఆ సర్వేలో రెండు తెలుగు రాష్ట్రాలూ లేవు. లెక్కలోకి కూడా మన పిల్లలు రాలేదు.

భయం ఉన్నదెక్కడ

ఈ మాట ఎత్తగానే తల్లిదండ్రులు ఒకటే అడుగుతారు: ఇలాంటివి చదివితే లేని ఆలోచనలు రావా? ఆ భయాన్ని కొట్టిపారేయను. 1774లో గోథే నవలలో వెర్తర్ అనే యువకుడు ప్రాణం తీసుకున్నాక ఐరోపాలో ఆ పాత్రని అనుకరించారని గగ్గోలు పుట్టింది, లైప్‌జిగ్‌లో పుస్తకాన్ని నిషేధించారు. మన కాలంలో జే ఆషర్ నవల ఆధారంగా 2017లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన 'థర్టీన్ రీజన్స్ వై' మీద ఇదే గొడవ. అది వచ్చిన మరుసటి నెలలో అమెరికాలో 10-17 ఏళ్ల పిల్లల ఆత్మహత్యలు పెరిగాయని 2019లో పరిశోధకులు చెప్పారు. అందుకు ఆ సిరీసే కారణమా అన్న వాదన తర్వాత సాగినా, అందులో చావుని చూపించిన దృశ్యాన్ని నెట్‌ఫ్లిక్స్ ఆ ఏడాదే తీసేసింది. చావుని ఒక జవాబుగా, పగ తీర్చుకునే దారిగా, అందంగా చూపించే కథ ప్రమాదమే. అలాంటిది నేను అడగడం లేదు.

రెండో వైపు కూడా ఉంది. వియన్నాలో నీడర్‌క్రోటెన్‌థాలర్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు ఆస్ట్రియా పత్రికల్లోని కథనాలు పరిశీలించి 2010లో ఒక సంగతి చెప్పారు. చనిపోవాలన్న ఆలోచన వచ్చినా దాన్ని దాటి బయటపడినవాళ్ల గురించి రాసిన కథనాల తర్వాత ఆత్మహత్యలు తగ్గడం కనిపించింది. దానికి వాళ్లు పాపగేనో అని పేరు పెట్టారు. మొజార్ట్ 1791 నాటి సంగీత నాటకం 'మ్యాజిక్ ఫ్లూట్'లో పాపగేనో అన్నీ పోయాయనుకున్న క్షణంలో ముగ్గురు పిల్లలు వచ్చి, నీ దగ్గర గంటలున్నాయి కదా, మోగించు అని గుర్తుచేస్తారు. గుర్తుచేసేది పిల్లలే కావడం నాకు భలే తోచింది. నాకు కావలసిన నవల అదే.

అలాంటి నవల ఎంత అవసరమో ప్రతి ఏడాదీ మనకి గుర్తుచేస్తూనే ఉంటుంది. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు తప్పుల తడకగా వచ్చాక 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. మేం పత్రికల్లో అంకెలు వేశాం, ఫొటోలు వేశాం. మార్కుల వల్లనే అని రాశాం. మార్కులకు ముందే ఏ పిల్లకి ఎన్ని నెలలుగా నిద్ర లేదో, ఎవరికి చెప్పబోయి ఎవరిచేత 'పిచ్చి మాటలు' అనిపించుకుందో మేం రాయలేదు. విశాఖపట్నంలో కోచింగ్ తీసుకుంటున్న 17 ఏళ్ల అమ్మాయి మరణంపై ఆమె తండ్రి పట్టు వదలకుండా కోర్టుల చుట్టూ తిరిగాడు. ఆ కేసులోనే 2025 జులై 25న సుప్రీంకోర్టు దేశం మొత్తానికీ మార్గదర్శకాలిచ్చింది. వంద, అంతకుమించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండాలంది. మంచిదే. ఆ కౌన్సెలర్ గది తలుపు తట్టి పిల్ల ఏమని మొదలుపెట్టాలి? ఆ మొదటి వాక్యం కోర్టు ఇవ్వలేదు.

సాయం అందే చోట్లు ఇప్పుడు ఉన్నాయి, 2004లో మాకు తెలియనివి. 2022 అక్టోబర్ 10న మొదలైన ప్రభుత్వ టెలీ-మానస్‌కి 14416 నంబరులో ఏ వేళలోనైనా డబ్బులేమీ లేకుండా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. తిరుమలగిరి నుంచి ప్యారడైజ్ వైపు వెళ్తే సింధీ కాలనీలో రోష్ని సంస్థ ఉంది, 1997 నుంచి మనసు బాగాలేనివాళ్ల మాటలు వింటోంది. పిల్లల్ని ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే పెద్దలతో కలపకుండా విడిగా ఉంచాలని, తోడుగా ఇంటివాళ్లు ఉండాలని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది. ఈ సంగతులు మా అమ్మకి అప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే ఈఎస్ఐ దగ్గర దిగేది కాదేమో.

ఓడ ఎందుకు?

ఈ కథనం రాస్తానంటే తమ్ముడు రెండు షరతులు పెట్టాడు. పేరు రాయకూడదు. అచ్చుకి ముందు తనకి చదివి వినిపించాలి. వినిపించాను. నేను అన్న 'పిచ్చి మాటలు' దగ్గర నా గొంతు ఆగింది. వాడు నీళ్లగ్లాసు ఇటు జరిపి, "ముంగట చదువు" అన్నాడు.

నవల సంగతి వచ్చినప్పుడు మాత్రం వాడు నాకన్నా ముందుకి వెళ్లిపోయాడు. "తెలుగుల రాస్తె ఓడ ఎందుకక్కా? మన దగ్గర సముద్రం యాడుంది? బస్సు పెట్టు. ప్యాట్నీల ఎక్కిన బస్సు. కార్ఖానా వస్తది, తిరుమలగిరి వస్తది, లోతుకుంట వస్తది, అల్వాల్ వస్తది. మన స్టాప్ వచ్చినా దిగనియ్యరు. కండక్టరు టికెట్ కొట్టుకుంట, నీ గురించి అందరికి తెల్సు, అందరికి తెల్సు అంటుంటడు. ఎనక సీట్ల ఒక ముసలామె ఉంటది. ఆమె ఒక్కతే నన్ను జూడదు, కిటికీల నుంచి బయటికి జూస్తది. నాకు ఆమె పక్కకు పోయి కూసోవాలనుంటది. బస్సు ఊగుతుంటది, పోలేను."

నేను పెన్ను అందుకునేలోపే వాడు గీయడం మొదలుపెట్టాడు. ఇంట్లో పాత రికార్డు ఇంకా ఉంది. ఇంటర్ మధ్యలో ఆగింది కాబట్టి సగం పేజీలు అలాగే ఖాళీగా ఉన్నాయి. ఇరవై ఏళ్ల కాగితం పసుపుపచ్చగా మారింది. ఎడమవైపు తెల్లపేజీలో ముందు చక్రాలు, తర్వాత కిటికీలు, ఒక్కో కిటికీలో ఒక్కో తల. వెనక సీట్లో ముసలామెని గీయడానికి చాలాసేపు పట్టింది, కొంగు దగ్గర రెండుసార్లు చెరిపాడు. తలుపు గీశాక దానికి గడియ పెట్టలేదు. అది నేను గమనించానని వాడికి తెలుసు, ఏమీ అనలేదు.

బస్సు నెత్తిన ఊరి పేరు రాసే బోర్డు ఖాళీగా వదిలేశాడు. ఏ ఊరని అడిగితే, ఇంకా అనుకోలేదు, రేపు చెప్తానన్నాడు.